విడిదికి వచ్చిన పక్షి, పురిటికి వచ్చిన పక్షి

శ్రోతలకు నమస్కారం.

ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గుముఖం పట్టి, స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల నుంచి వచ్చిన నీరు పులికాట్ సరస్సులో నిలకడకు వచ్చే రోజుల్లో, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డుకు ఇరువైపులా వేల పక్షులు దిగుతాయి. ఉప్పునీరు, మంచినీరు కలిసే సరస్సుల్లో చిలికా తరువాత మన దేశంలో పెద్దది ఇదే. ఈ పక్షులను చూడడానికి, ఫొటోలు తీయడానికి దూరప్రాంతాల నుంచి జనం రావడం సంతోషించవలసిన విషయమే. అయితే కెమెరా చేతిలోకి తీసుకునే ముందు, ఎదురుగా ఉన్న పక్షి ఇక్కడికి ఏ పని మీద వచ్చిందో తెలుసుకోవాలని నా విన్నపం. ఎంత దూరంలో ఆగాలి, ఎంతసేపు ఉండాలి, ఏ ఫొటోను వదులుకోవాలి అన్నవి దాన్ని బట్టే తేలుతాయి.

శీతకాలంలో కనిపించే ప్రతి కొత్త పక్షినీ సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథి అనడం మనకు అలవాటైపోయింది. సూదితోక బాతుల వంటి వాటి విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. అవి ఉత్తరాది శీతల దేశాల్లో గుడ్లు పెట్టి, అక్కడ నీరు గడ్డకట్టే కాలానికి ఆహారం వెతుక్కుంటూ ఇటు వస్తాయి. తలపై రెండు నల్లని చారలుండే బార్‌హెడెడ్ గూస్ అయితే టిబెట్, మంగోలియా ప్రాంతాల నుంచి హిమాలయాలను దాటుకుని దక్షిణాదికి వస్తుంది. ఆ ప్రయాణంలో అది 7,000 మీటర్లకు పైన ఎగిరినట్లు పరికరాలు అమర్చి చేసిన పరిశీలనల్లో తేలింది. కానీ పులికాట్‌కు దగ్గర్లోని నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు మన ఉపఖండానికి చెందినవే. నీటిని, చేపలను బట్టి ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి మారుతూ, గుడ్లు పెట్టి పిల్లలను పెంచడానికి ఇక్కడికి చేరతాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు అని ఊళ్లలో వీటిని గురించి అనే మాటలో ఎంతో నిజముంది.

ముందు విడిదికి వచ్చిన వాటి సంగతి చెబుతాను. పులికాట్‌లో అందరూ వెతికేది ఫ్లెమింగోలను. మన దేశంలో అవి పెద్ద సంఖ్యలో గూళ్లు కట్టే చోటు గుజరాత్‌లోని కచ్ రణ్. పులికాట్‌కు అవి ప్రధానంగా మేతకే వస్తాయి. ఒక పక్షిని ఎంచుకుని బైనాక్యులర్స్‌తో కాసేపు ఓపికగా చూడండి. తలను పూర్తిగా తలకిందులు చేసి, వంకర ముక్కు పైభాగం బురదకు తగిలేలా నీటిలో ఉంచుతుంది. నాలుకను వేగంగా ఆడిస్తూ నీటిని లోపలికి లాగి, ముక్కు అంచుల్లోని జల్లెడ వంటి అమరిక గుండా బయటికి పంపుతుంది. నాచు, సన్నని రొయ్యల వంటి జీవులు లోపల మిగులుతాయి. ఈకల గులాబీ రంగుకు కారణం ఆ మేతలోని వర్ణద్రవ్యాలే. ఒక్కోసారి కాళ్లతో బురదను తొక్కుతూ ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతుంది. నీరు తీసిన తరువాత ఆ గుండ్రని జాడలు బురదపై మిగిలిపోతాయి. ఎగిరే గుంపు కోసమే చూసేవారికి ఇదేదీ కనిపించదు.

ఫ్లెమింగో రెక్క విప్పినప్పుడు ఎరుపు, నలుపు ఒక్కసారిగా మెరుస్తాయి. ఆ మెరుపు కోసం నీటిలోకి నడిచి వెళ్లేవారు, చప్పట్లు కొట్టేవారు, రాళ్లు విసిరేవారు కూడా ఉన్నారని చెప్పడానికి బాధగా ఉంది. అంత బరువైన పక్షి గాలికి ఎదురుగా నీటిపై పరుగెత్తితే గానీ పైకి లేవలేదు. అలా లేచిన ప్రతిసారీ మేత సమయం పోతుంది, ఒంట్లోని శక్తి ఖర్చవుతుంది. వేసవికి ముందు వేల కిలోమీటర్లు తిరిగి వెళ్లవలసిన బాతులకైతే ఆ నష్టం ఇంకా పెద్దది. మేస్తున్న పక్షి తల ఎత్తి మెడ నిటారుగా పెట్టిందంటే మనం ఇప్పటికే దగ్గరయ్యామని అర్థం. అక్కడే ఆగాలి; తల దించకపోతే వెనక్కి రావాలి. మనిషి రూపం కంటే ఆగి ఉన్న వాహనాన్ని చాలా పక్షులు తేలికగా సహిస్తాయి కనుక, రోడ్డు పక్కన జాగ్రత్తగా నిలిపిన కారు కిటికీలోంచి తీయడం మేలు. ఎండ ముదిరాక బురద నేలపై గాలి తెరలుగా కదులుతుంది, ఎంత ఖరీదైన లెన్స్‌కైనా దూరపు పక్షి మసకగానే అందుతుంది. అందుకే తెల్లవారిన తరువాతి రెండు గంటలు విలువైనవి. తెల్లని ఈకల గీతలు చెరిగిపోకుండా ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరాలోకి చేరే వెలుగును, కొద్దిగా తగ్గించుకోవాలి.

పురిటికి వచ్చిన పక్షుల దగ్గర నియమం మరింత కఠినం. నేలపట్టు చెరువులో నీటిలో నిలబడి పెరిగే చెట్లపై గూడబాతుల గూళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఒంటిపై ఈకలుండవు; తల్లి లేదా తండ్రి నీడే దానికి రక్ష. కాస్త ఎదిగాక అది పెద్దపక్షి ముక్కు సంచిలోకి తల దూర్చి చేపలను తింటుంది. గూటికి చేరువగా వెళ్లి పెద్దపక్షిని లేపితే, ఎండ తగిలిన పిల్లలు సొమ్మసిల్లుతాయి, కాపు లేని గుడ్లను కాకులు ఎత్తుకుపోతాయి. గూళ్లను, గుడ్లను కలవరపెట్టడాన్ని కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట కిందే లెక్కిస్తుంది. కనుక చెరువు కట్ట మీది నుంచో, వాచ్ టవర్ మీది నుంచో కనిపించినంతే తీయాలి. డ్రోన్ ఆలోచనే వద్దు. పక్షులు గుంపుగా గూళ్లు కట్టే ఇలాంటి కాలనీలు శాశ్వతం కావు. పక్షుల పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ 1946లో పశ్చిమ గోదావరిలోని ఆరేడులో చూసిన గూడబాతుల కాలనీ తరువాతి దశాబ్దాల్లో ఖాళీ అయిపోయింది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ, గుంటూరు దగ్గరి ఉప్పలపాడులోనూ ఊరివారి ఆదరణ పక్షులకు పెద్ద అండగా నిలుస్తోంది. అలాంటి ఊరికి వెళ్లినప్పుడు ముందుగా అక్కడి వారిని అడిగి, వారు చూపిన చోటనే నిలబడడం మర్యాద.

తీసిన ఫొటో పక్కన తేదీ, సమయం, చోటు, సుమారు సంఖ్య, నీటి మట్టం రాసి పెట్టండి. అరుదైన పక్షి గూడు ఉన్న చోటును మాత్రం బయట పెట్టకండి. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి జరుగుతోంది. ఏటా జనవరిలో మీ ఊరి చెరువు దగ్గర లెక్కించడానికి మీరూ చేరవచ్చు. ఫొటోను పెద్దది చేసి చూసినప్పుడు పక్షి కాలికి ఉంగరం గానీ, రంగు పట్టీ గానీ కనిపిస్తే, దానిపై ఉన్న అక్షరాలను, అంకెలను ఉన్నవి ఉన్నట్లుగా రాసి, ఫొటోతో పాటు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. ఆ పక్షికి ఎక్కడ, ఏ సంవత్సరం ఉంగరం తొడిగారో దాని ద్వారా తెలుసుకునే వీలుంటుంది.