లైన్‌బ్యాకర్‌నిచ్చి రన్నింగ్ బ్యాక్‌ని తెచ్చుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ ఫ్యాంటసీలో డిఫెన్స్ ఆటగాళ్లను కూడా ఒక్కొక్కరిగా ఎంచుకునే ఐడీపీ లీగుల్లో ట్రేడ్‌ల, అంటే ఆటగాళ్ల మార్పిడి, లెక్క గురించి మాట్లాడుకుందాం. లైన్‌బ్యాకర్ డిఫెన్స్‌లో ముందు వరుస వెనక నిలబడేవాడు, రన్నింగ్ బ్యాక్ బంతి పట్టుకుని పరుగెత్తేవాడు. డ్రీమ్ 11 అలవాటున్నవాళ్లకి ఒక మాట: అక్కడ మ్యాచ్‌కో జట్టు, ఇక్కడ సీజనంతా అదే జట్టు. అందుకే ట్రేడ్ తప్పితే వారాల తరబడి కుమిలిపోవాలి.

"నా లైన్‌బ్యాకర్ వారానికి 16 పాయింట్లు తెస్తున్నాడు, నీ రన్నింగ్ బ్యాక్ 15. మార్చుకుందామా?" అని ఎవరైనా అడిగితే, ఒక పాయింటు లాభమే కదా అని ఎగిరి గంతేసేవాళ్లున్నారు. ఆగి లెక్క వేయండి.

12 జట్ల లీగు అనుకుందాం. జట్టుకి ముగ్గురు లైన్‌బ్యాకర్లంటే మొత్తం 36 మంది ఆడతారు. 37వ వాడు వేవర్స్‌లో, అంటే ఏ జట్టూ తీసుకోనివాళ్ల జాబితాలో, ఊరికే దొరుకుతాడు. వాడు 11 తెస్తే, ఆ 16లో అసలు విలువ 5. రన్నింగ్ బ్యాక్‌లు జట్టుకి ఇద్దరు, జట్టుకొకటి ఉండే ఫ్లెక్స్ స్లాట్లలో (రన్నింగ్ బ్యాక్‌నైనా, పాస్ పట్టే రిసీవర్‌నైనా ఆడించే చోటు) సగం కూడా వాళ్లే, అంటే 30 మంది. 31వ వాడు 7 తెస్తే, ఆ 15లో అసలు విలువ 8. పైకి ఒకటి తక్కువగా కనిపించినవాడు నిజానికి మూడు పాయింట్లు ఎక్కువ. అంకెలు ఉదాహరణకే, మీ లీగువి మీరు వేసుకోండి.

అయితే కాగితం మీది 31వ వాడు నిజంగా ఖాళీగా ఉండడు. రన్నింగ్ బ్యాక్‌లను అందరూ బెంచీ మీద దాచుకుంటారు. లైన్‌బ్యాకర్లను దాచేవాళ్లు తక్కువ. కాబట్టి ర్యాంకుల జాబితా పక్కన పెట్టి, మీ వేవర్స్‌లో ఇప్పుడు దొరికే మెరుగైన ముగ్గురి గత నాలుగు వారాల సగటు తీయండి. అదే మీ కొలబద్ద.

తర్వాత స్కోరింగ్ పేజీ తెరవండి. సోలో ట్యాకిల్‌కి (బంతి ఉన్నవాణ్ణి ఒక్కడే పడగొట్టడం) 1, సాక్‌కి (పాస్ వేసే క్వార్టర్‌బ్యాక్‌ని బంతి విసిరేలోపే పడగొట్టడం) 4 ఇచ్చే లీగులో అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాడికి గిరాకీ. ట్యాకిల్‌కి 2, సాక్‌కి 2 అయితే నడిమి లైన్‌బ్యాకర్‌దే రాజ్యం. ఒకే ఆటగాడికి రెండు లీగుల్లో రెండు ధరలు పలకడం మామూలే.

డిఫెన్స్‌లో నమ్మకమైన సరుకు ట్యాకిల్. లైన్‌బ్యాకర్ ఫోయెసాడే ఒలుఒకున్ 2021లో అట్లాంటాకి 192 ట్యాకిల్స్ చేశాడు. 2022లో జాక్సన్‌విల్‌కి మారినా 184 చేశాడు. ఇంటర్‌సెప్షన్లు, అంటే అవతలివాళ్ల పాస్‌ని మనవాడు పట్టేయడం, అలా కాదు. రిసీవర్లను కాచే అప్పటి డాలస్ కార్నర్‌బ్యాక్ ట్రెవాన్ డిగ్స్ 2021లో 11 పట్టాడు, మరుసటి ఏడు మూడే. నిరుటి ఇంటర్‌సెప్షన్లు చూసి రిసీవర్‌ని ఇచ్చేయడమంటే చేజేతులా పారేసుకోవడమే.

స్నాప్‌లు, అంటే ఆటగాడు మైదానంలో ఉన్న ఎత్తులు, కూడా చూడాలి. అవతలి జట్టు ముగ్గురు రిసీవర్లను దించితే, డిఫెన్స్ ఒక లైన్‌బ్యాకర్‌ని బయటికి పంపి పాస్‌లను ఆపే ఐదో డిఫెన్సివ్ బ్యాక్‌ని తెస్తుంది. ఆ బయటికెళ్లేవాడు మీరు కొనేవాడైతే బేరం పోయినట్టే. ఇంచుమించు ప్రతి స్నాప్ ఆడేవాడికే పూర్తి ధర ఇవ్వండి.

ఇక యాప్ వేసే పొజిషన్ ముద్ర. అంచు నుంచి దూకే టీజే వాట్‌లాంటి వాణ్ణి ఒక చోట లైన్‌బ్యాకర్ అంటారు, ఇంకో చోట డిఫెన్సివ్ లైన్ కింద వేస్తారు. వారానికి 13 తెచ్చేవాడి విలువ లైన్‌బ్యాకర్‌గా 11 పోను 2. డిఫెన్సివ్ లైన్‌లో ఊరికే దొరికేవాడు 7 తెస్తే, విలువ 6. మనిషి అదే, పాయింట్లూ అవే. సీజన్ మధ్యలో యాప్ ముద్ర మార్చే అవకాశముంటే ఆ సంగతి ముందే లీగు నడిపే కమిషనర్‌ని అడిగి పెట్టుకోండి.

ఒకరికి ఇద్దర్ని ఇస్తామన్న బేరంలో 5, 5 కలిపి 10 అని మురిసిపోకండి. ఇద్దరొస్తే మీ జట్టులోంచి ఒకణ్ణి వదలాలి. రెండోవాడు బెంచీకే పరిమితమైతే వాడి విలువ సున్నా. ఒప్పుకునే ముందు ట్రేడ్‌కి ముందు, తర్వాత మీ ఆడే జట్టు రెండూ పక్కపక్కన రాసి, ఖాళీ అయిన స్లాట్‌లో వేవర్స్ ఆటగాణ్ణి పెట్టి మొత్తం కూడండి. తేడా వారానికి ఒక పాయింటు లోపే అయితే నేనైతే ఆ ట్రేడ్ జోలికి పోను.