కంట్రీ పాటలంటే ముఖం చిట్లించేవాళ్ళకి ఈ మూడు రికార్డుల సెట్ వినిపించొచ్చా?

నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ సెట్ డబ్బు పెట్టి కొన్నది కాదు. రికార్డులు అమ్మే ఒకాయన రివ్యూ కోసం ఉచితంగా పంపారు. పైసలివ్వలేదు, స్క్రిప్టు చూపించమనలేదు. వీడియో అయ్యాక ఇంకోటి పంపుతారో లేదో మీరే చూద్దురుగాని.

'విల్ ది సర్కిల్ బి అన్‌బ్రోకెన్'. నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్, 1972. మూడు ఎల్పీలు, ఆరు వైపులు. పాటల పట్టిక మీరు ఈపాటికే చూసి ఉంటారు, నేను చదవను. తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. 1971 ఆగస్టులో కాలిఫోర్నియా నుంచి జుట్టు పెంచుకున్న కుర్రాళ్ళు కంట్రీకి, అంటే అమెరికా పల్లెల్లో పుట్టిన పాటలకి, రాజధాని లాంటి నాష్‌విల్ వెళ్ళి, పాత తరం వాళ్ళ పక్కన కూర్చుని వాయించారు. మేబెల్ కార్టర్, ఎర్ల్ స్క్రగ్స్, డాక్ వాట్సన్, మెర్ల్ ట్రావిస్, రాయ్ ఎకఫ్, జిమ్మీ మార్టిన్, అందరూ ఉన్నారు. బ్లూగ్రాస్‌కి, అంటే బాంజో, ఫిడిల్, మాండొలిన్‌లతో సాగే కంట్రీ శాఖకి, ఆద్యుడు బిల్ మన్రోని పిలిస్తే మాత్రం రానన్నాడు. అనుమానాలు బయటివాళ్ళకే ఉంటాయనుకోకండి మరి.

ఇవాళ్టి ప్రశ్న సౌండ్ ఎలా ఉంది అన్నది కాదు. "కంట్రీనా? వద్దు బాబోయ్" అనేవాళ్ళకి దీన్ని ఇవ్వొచ్చా? ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి వైపు మొదటి పాట నుంచి మాత్రం కాదు. ఈ సెట్‌తో నా గొడవంతా ఇక్కడే. మొదటి పాట 'గ్రాండ్ ఓల్ ఓప్రీ సాంగ్'. 1925 నుంచి నాష్‌విల్‌లో నడుస్తున్న ఒక రేడియో కార్యక్రమం గురించి, అందులో పాడేవాళ్ళ పేర్లు వరసపెట్టి చెప్పే పాట. తెలిసినవాడికి పండగే. తెలియనివాడికి? పెళ్ళి శుభలేఖలో అవతలివాళ్ళ బంధువుల పేర్లు చదివి వినిపించినట్టు ఉంటుంది. పైగా జిమ్మీ మార్టిన్ గొంతు పదునైన పైస్థాయి గొంతు. ముక్కుతో పాడుతున్నాడేంటి అనేవాళ్ళకి సరిగ్గా అదే గొంతు ముందు తగులుతుంది. మొదటి ముప్పై సెకన్లలోనే మనిషి జారిపోతాడు. కాబట్టి మొదటి వైపు పక్కన పెట్టి రెండో వైపు మీద ముల్లు దించండి. 'టెన్నెసీ స్టడ్'. ఒక మనిషి, ఒక గుర్రం, ఒక ప్రయాణం. డాక్ వాట్సన్ గొంతులో సాగతీత ఉండదు, పక్కన కూర్చుని కథ చెబుతున్నట్టు ఉంటుంది. గిటార్ కూడా మాట తర్వాత మాటకి చోటిస్తూ నడుస్తుంది.

ఇప్పుడు బాంజో గురించి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఓపిక లేనివాళ్ళు ముందుకి జరుపుకోవచ్చు.

సందేహరాయుళ్ళలో సగం మందికి పాటతో పేచీ ఉండదు, బాంజోతోనే. "ఆ టకటకటక ఏంటి?" అంటారు. టకటక ఎందుకొస్తుందో తెలిస్తే వినడం మారుతుంది. బాంజోకి ముందు డప్పులా బిగించిన పొర ఉంటుంది. తీగ మీటగానే దానిలోని శక్తిని ఆ పొర గబుక్కున గాల్లోకి వదిలేస్తుంది. అందుకే శబ్దం పెద్దగా వస్తుంది, వెంటనే ఆరిపోతుంది. వీణలాగా ఒక స్వరం మీటి దాన్ని సాగదీయడం కుదరదు. ఆ ఖాళీ నింపాలంటే ఒకటే దారి, ఇంకో స్వరం, ఇంకో స్వరం.

తీగలు అయిదు. అయిదోది పొట్టిది. తల దాకా వెళ్ళదు, మెడ పక్కన అయిదో మెట్టు దగ్గరున్న బిరడకి చుట్టుకుంటుంది. మామూలుగా వాడే జి శ్రుతిలో, జి మన షడ్జమం అనుకుంటే, నాలుగో తీగ నుంచి మొదటి తీగ దాకా మంద్ర పంచమం, షడ్జమం, అంతర గాంధారం, పంచమం. పొట్టి తీగ తారషడ్జమం. అంటే ఏ మెట్టూ నొక్కకుండా మీటితేనే ప స గ ప, పైన స. పాట ఎటు తిరిగినా ఆ పై షడ్జమం మధ్యమధ్యలో మోగుతూనే ఉంటుంది. వీణ పక్కన తాళం తీగలు చేసే పనికి ఇది దగ్గరి చుట్టం.

కుడిచేతికి మూడు వేళ్ళు. బొటనవేలికి ప్లాస్టిక్ గోరు, చూపుడువేలికి, మధ్యవేలికి లోహపు గోళ్ళు. ఒకే వేలు వెంటవెంటనే రెండుసార్లు మీటకూడదన్నది అలవాటు. ఎనిమిది స్వరాల్ని మూడు, మూడు, రెండుగా విడగొడతారు. ఇది మనకి కొత్తేమీ కాదు. చేత్తో సమంగా నాలుగు దెబ్బలు వెయ్యండి, ఒక్కో దెబ్బకి రెండు అక్షరాలు. నోటితో "తకిట తకిట తక" అనండి. రెండో తకిటలో "త" దెబ్బ మీద పడదు, రెండు దెబ్బల మధ్య పడుతుంది. బండిని ముందుకి తోసేది ఆ పడకపోవడమే. ఇదే రోల్. ఎర్ల్ స్క్రగ్స్ 1945 చివర్లో బిల్ మన్రో బృందంలో చేరి వాయించి చూపించింది ఇదే. వినిపించే ముందు ఎదుటివాళ్ళ చేత ఒక్కసారి తకిట తకిట తక అనిపించండి. నవ్వుతారు, పరవాలేదు. ఆ తర్వాత వాళ్ళకి టకటక వినపడదు, లెక్క వినపడుతుంది.

కర్ణాటక సంగీతం వినే పెద్దవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకి మూడో వైపులో 'ఫ్లింట్ హిల్ స్పెషల్' పెట్టండి. స్క్రగ్స్ వాయిస్తూనే బిరడ తిప్పి తీగని కిందికి దించుతాడు, మళ్ళీ సరిగ్గా పాత చోటికి ఎక్కిస్తాడు. అందాజాగా కాదు, బిరడల దగ్గర ఇంతవరకే అని ఆపే అమరిక ఉంటుంది. 1950ల మొదట్లోనే ఆయన మొదలుపెట్టిన పని. మెట్ల వాద్యంలో జారు ఎలా అన్న ప్రశ్నకి ఆయన వెతుక్కున్న జవాబు అనుకోండి. "అరె, తీగ జారిందే" అని వాళ్ళంతట వాళ్ళే అంటారు.

మాండొలిన్ దగ్గర మాత్రం ముందే హెచ్చరించాలి. మనవాళ్ళకి మాండొలిన్ అంటే పాలకొల్లు శ్రీనివాస్. ఆ గమకాలు ఇక్కడ వెతికితే నిరాశే. బ్లూగ్రాస్‌లో మాండొలిన్ రోజువారీ పని "చప్" మని కొట్టి వెంటనే తీగల్ని నొక్కేయడం. రెండో దెబ్బ, నాలుగో దెబ్బ దానివి. ఒకటి, మూడు పెద్ద బాస్‌వి, అంటే మంద్రంగా మోగే పెద్ద తీగ వాద్యానివి. డ్రమ్స్ లేని చోట ఈ రెండే డ్రమ్స్.

అందుకే పాట పంపేటప్పుడు జరిగే అతి పెద్ద తప్పు ఫోన్ స్పీకర్. నిలబడి వాయించే బాస్ కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగనే దిగదు. ఒకటీ మూడూ పోయాయి, రెండూ నాలుగూ మిగిలాయి, పైన బాంజో. ఇక అది పాట కాదు, రేకుల మీద వడగళ్ళ వాన. కొంతమంది ఫోన్‌ని స్టీలు గ్లాసులో పెడతారు చూడండి, ఈ సంగీతానికి దయచేసి ఆ పని చెయ్యకండి. గ్లాసు మోగేది సరిగ్గా బాంజో గీరుకునే చోటే. ఇయర్‌ఫోన్స్ ఇవ్వండి, లేదా ఓ మాదిరి స్పీకర్ గోడకి దగ్గరగా పెట్టండి, బాస్ కాస్త బలపడుతుంది. అయినా చెవిలో గుచ్చుతోందంటే ఈక్వలైజర్‌లో 3 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. బాస్ బూస్ట్ జోలికి వెళ్ళొద్దు. వాట్సాప్‌లో పంపితే లింక్ పంపండి, స్పీకర్ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేసిన ముక్క కాదు.

"అన్నీ ఒకేలా ఉన్నాయి" అనే ఫిర్యాదుకి వస్తే, సగం నిజమే. చాలా పాటలు మూడు కార్డుల మీదే, అంటే కలిపి మోగించే మూడు స్వరాల గుంపుల మీదే నడుస్తాయి, జి, సి, డి. తేడా అక్కడ లేదు. చరణానికీ చరణానికీ మధ్య ఒక్కో వాద్యం ముందుకొచ్చి అదే పాటని తన పద్ధతిలో చెప్పి వెనక్కి వెళ్తుంది. కచేరీలో గాయకుడు స్వరం వేస్తే వయొలిన్ అందుకున్నట్టు. ఎవరు ముందుకొచ్చారో వేలు చూపిస్తూ వినిపించండి, మాటలతో వివరించకండి.

మాటలు ముఖ్యం అనేవాళ్ళకి మొదటి వైపు చివరి పాట 'డార్క్ యాజ్ ఎ డంజన్'. రాసిందీ పాడిందీ మెర్ల్ ట్రావిస్, కెంటకీ బొగ్గుగనుల ఇంట్లో పుట్టినవాడు. గనిలోకి దిగే కుర్రాళ్ళని వద్దని హెచ్చరించే పాట. మూడు దెబ్బల నడక, నెమ్మది, బాంజో భయం లేదు. కొత్తగూడెం, గోదావరిఖని వైపు వాళ్ళకి దీనికి ఉపోద్ఘాతం అక్కర్లేదు, అర్థం చెబితే చాలు.

ఈ సెట్‌లో లేనిది ఒకటి. పాత సినిమా మెలొడీ తప్ప ఇంకేదీ ఎక్కదు అనేవాళ్ళకి ఇందులో ఏదీ పనిచెయ్యదు. వాళ్ళకి పాట్సీ క్లైన్ 1961లో పాడిన 'క్రేజీ' ఇవ్వండి, అది కంట్రీ అని పాట అయ్యాక చెప్పండి. హిందుస్తానీ వినేవాళ్ళకైతే బేలా ఫ్లెక్ బాంజో, జాకిర్ హుస్సేన్ తబలా, ఎడ్గర్ మేయర్ బాస్, రాకేష్ చౌరాసియా వేణువు కలిసిన 2023 ఆల్బమ్ 'యాజ్ వుయ్ స్పీక్'. కంట్రీ కాదు, కానీ బాంజో మీద అలక తీరుతుంది.

ఇంతకు ముందు ఈ ఛానల్లో చూసిన 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ' సినిమా సౌండ్‌ట్రాక్‌తో పోలిస్తే? కొత్తవాళ్ళకి అదే సులువు. ఒకటే డిస్క్, గొంతులే ముందుంటాయి. కానీ అది వడ్డించిన విస్తరి. ఇది వంటింట్లో పీట వేసుకుని కూర్చోవడం. పాటల మధ్య మాటలు, ఏ శ్రుతి అన్న ప్రశ్నలు, దగ్గులు, నవ్వులు అలాగే ఉంచేశారు. నేరుగా రెండు ట్రాకుల టేపు మీదికి వాయించారు కాబట్టి తర్వాత ఒక గొంతు పెంచి ఒక తీగ తగ్గించే అవకాశం కూడా లేదు. ఇప్పటి రేడియో కంట్రీ నున్నదనం చూసి పారిపోయినవాళ్ళకి దీనిలో పట్టేది ఆ గరుకే.

రికార్డుగా ఎలా ఉందంటారా. రికార్డు లోపలి చుట్ల దగ్గర ముల్లు కింద గాడి నడిచే వేగం తగ్గుతుంది, పై శబ్దాలు చితుకుతాయి. ఫిడిల్ ముందుగా దెబ్బతింటుంది. సూట్‌కేసు ప్లేయర్ల బరువు ముల్లుతో అయితే మరీ. ఆ ప్లేయరే ఉంటే ఎల్పీ కొనకండి, సీడీ చాలు.

తీర్పు. సందేహరాయుళ్ళకి బహుమతిగా ఇవ్వొద్దు. నిజంగా వద్దు. అంత పెద్ద సెట్ చేతిలో పెడితే అభిమానం కాదు, హోంవర్క్. మూడు పాటలు చాలు, 'టెన్నెసీ స్టడ్', 'డార్క్ యాజ్ ఎ డంజన్', 'ఫ్లింట్ హిల్ స్పెషల్', ఈ వరసలోనే. ఇంకా ఏమన్నా ఉందా అని వాళ్ళు అడిగిన రోజు సెట్ ఇవ్వండి.

ఇప్పటికే ఇష్టం ఉన్నవాళ్ళు మాత్రం కళ్ళు మూసుకుని కొనుక్కోండి. నాలుగో వైపులో పాట కానిది ఒకటుంది. డాక్ వాట్సన్, మెర్ల్ ట్రావిస్ మొదటిసారి ఎదురుపడి మాట్లాడుకుంటున్నారు, టేపు తిరుగుతోంది. డాక్ తన కొడుక్కి మెర్ల్ అని పేరు పెట్టుకున్నది ఈయన మీద గౌరవంతోనే. అది విన్నాక అయిదో వైపుకి వెళ్ళి మేబెల్ కార్టర్ 'వైల్డ్‌వుడ్ ఫ్లవర్' వినండి, వెంటనే 1928లో కార్టర్ ఫ్యామిలీ ఇచ్చిన అదే పాట పెట్టండి. మధ్యలో నలభై మూడేళ్ళు. రెండూ ఒకే వాల్యూమ్‌లో వినండి, పాతది గరగరలాడుతుంది, అయినా పెంచకండి.