ఒక్క కంకిని నమ్ముకున్న రైతు: సీగర్ వీలర్

కెనడా మైదానాల గోధుమ సేద్యం ప్రస్తావన వస్తే చాలు, సీగర్ వీలర్‌ను ‘మార్క్విస్ గోధుమను కనిపెట్టిన రైతు’ అని పరిచయం చేసేవారున్నారు. ఈ పొరపాటు విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. చేయని పనిని ఆయనకు అంటగట్టి, జీవితమంతా చేసిన పనిని మరుగున పడేస్తున్నాం. భారతదేశం నుంచి వెళ్లిన హార్డ్ రెడ్ కలకత్తా అనే గోధుమ రకాన్ని, కెనడాలో అప్పటికే సాగులో ఉన్న రెడ్ ఫైఫ్ అనే రకంతో సంకరపరచగా వచ్చిన సంతతి నుంచి మార్క్విస్‌ను ఎంపిక చేసింది ఒట్టావాలోని ప్రభుత్వ క్షేత్రంలో పనిచేసిన చార్లెస్ సాండర్స్. రెడ్ ఫైఫ్ కంటే దాదాపు వారం ముందుగా కోతకు రావడం దాని ప్రత్యేకత. వీలర్ సాగు చేసిన కెనడా రాష్ట్రం సస్కాచెవాన్‌లో ఆ వారమే పంటను నిలబెడుతుంది. గింజ గట్టిపడకముందే మంచు తగిలితే ముడుచుకుపోతుంది, ధర పలకదు.

మరి వీలర్ చేసిందేమిటి? 1868లో ఇంగ్లాండుకు చెందిన ఐల్ ఆఫ్ వైట్ దీవిలో పుట్టి, 1885లో పదిహేడేళ్ల వయసులో కెనడా చేరిన ఆయన, తరువాతి కాలంలో సస్కాచెవాన్‌లోని రోస్థర్న్ అనే ఊరి దగ్గర భార్యాబిడ్డలతో స్థిరపడి మేపుల్ గ్రోవ్ అనే పొలాన్ని సాగు చేశారు. ఆ పొలంలోని ఒక్క కంకిని చూస్తే ఆయన పని అర్థమవుతుంది.

తెల్ల గింజలు ఉండవలసిన బాబ్స్ అనే ఆస్ట్రేలియా రకం మడిలో, ఎర్ర గింజలున్న ఒక కంకి ఆయన కంటపడింది. విత్తన పొలంలో అలాంటిది కనిపిస్తే కేళీ (అంటే వేరే రకం మొక్క) అని పీకి పారేయడమే ఆనవాయితీ, అది తప్పు కూడా కాదు. వీలర్ మాత్రం ఆ కంకిని విడిగా నూర్చి, ఆ గింజలను విడిగానే విత్తారు. గోధుమ ప్రధానంగా స్వపరాగ సంపర్కం (తన పుప్పొడితోనే గింజ కట్టడం) జరిగే పంట కనుక, ఒక కంకి గింజల నుంచి వచ్చిన మొక్కలను వేరుగా పెంచుతూ, తేడాగా ఉన్నవాటిని ఏటేటా ఏరివేస్తే రకం స్థిరపడుతుంది. కంకి నుంచి వరుస, వరుస నుంచి మడి, మడి నుంచి పొలం: ఈ క్రమంలోనే ఆ ఒక్క కంకి రెడ్ బాబ్స్ అనే రకమై ఇతర రైతుల చేలకు చేరింది. తనకు అందిన మార్క్విస్‌ను కూడా ఆయన ఇలాగే కంకి కంకిగా ఎంచి మెరుగుపరిచారు. ఆ ఎంపికే మార్క్విస్ 10బి. ఒక సామాన్య రైతు తన పొలంలో చేసిన ఈ పనిని నేను పరిశోధన అనే అంటాను.

1911లో న్యూయార్క్ ప్రదర్శనలో మార్క్విస్‌తోనే ఆయన ప్రథమ బహుమతిగా 1,000 డాలర్ల బంగారు నాణేలు గెలిచారు; 1918 నాటికి ప్రపంచ గోధుమ విజేతగా 5 సార్లు నిలిచారు. ఇది అదృష్టమని రాసేవారు ఆ కంకిని మరచిపోతున్నారు.

వీడియో నిడివి పెరుగుతున్నందున మిగిలిన విషయాలను క్లుప్తంగా చెబుతాను. నేలలో తేమ నిలపడం, దుక్కి, విత్తన ఎంపికలపై 1919లో ఆయన పుస్తకం వెలువడింది. 1920లో క్వీన్స్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. గాలివాటుకు అడ్డంగా చెట్లు పెంచి, వాటి చాటున, అంతటి చలిలోనూ ఆపిల్, ప్లమ్ తోటలు వేశారు. ఈ తోటల గురించి విడిగా ఒక వీడియో చేయవలసి ఉంది. వృద్ధాప్యంలో బ్రిటిష్ కొలంబియాలోని విక్టోరియాకు వెళ్లి, 1961లో అక్కడే కన్నుమూశారు. మేపుల్ గ్రోవ్‌ను కెనడా జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. సస్కటూన్‌లో నివసిస్తున్న తెలుగువారికి అది ఉత్తరాన గంట ప్రయాణ దూరంలోనే ఉంది. వేసవిలో, గోధుమ కంకి వేసిన తరువాత వెళ్లండి.