పిట్టల్ని ఎగరగొట్టకండి
(చెన్నైలో తెలుగువారి సంక్రాంతి కలయికలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, పొద్దున్నుంచి టిఫిన్లు, కాఫీలు చూసుకుంటున్న అక్కయ్యలకు, నాకంటే ముందు మాట్లాడిన పెద్దలకు, పండగ పూట ఇల్లు వదిలి వచ్చిన మీ అందరికీ నమస్కారాలు. నాకిచ్చిన అంశం చిత్తడి నేలల్లో పిట్టల ఫొటోలు తీయడం, వాటిని గుర్తుపట్టడం. తప్పకుండా చెబుతాను. కానీ ముందు ఒక సంగతి చెప్పకపోతే నాకు మాట సాగదు.

మొన్నామధ్య కేళంబాక్కం నుంచి కోవళం వెళ్లే రోడ్డు పక్కన, బ్యాక్‌వాటర్స్ దగ్గర ఉన్నాను. నీళ్లు తగ్గి బురద బయటపడింది. దాని నిండా చిన్న చిన్న ఉల్లంకులు, అంటే బురదలో పురుగులు ఏరుకు తినే ఒడ్డు పిట్టలు, తలెత్తకుండా మేస్తున్నాయి. ఇంతలో పెద్ద పెద్ద లెన్సులతో ఒక బృందం వచ్చింది. ఒకతను గట్టు దిగి చప్పట్లు కొడుతూ గుంపులోకి పరిగెత్తాడు. పిట్టలు గుప్పున లేచాయి, మిగతావాళ్లు టకటకా ఫొటోలు తీశారు. గుంపు ఒక చుట్టు తిరిగి వాలింది. అతను మళ్లీ పరిగెత్తాడు. వాలనివ్వడం, లేపడం, ఇదే పని. ఉండబట్టలేక వెళ్లి అడిగాను. ‘పిట్టలన్నాక ఎగరవా సార్?’ అన్నాడు.

ఎగురుతాయి బాబూ. అందుకే మేయాలి. ఆ గుంపులో ఎక్కువగా ఉన్నవి లిటిల్ స్టింట్లు. ఒక్కోటి 20 నుంచి 30 గ్రాములు. అవి గుడ్లు పెట్టేది రష్యా ఉత్తర కొసన, ఆర్కిటిక్ టండ్రాలో. చలికాలం మన దగ్గర గడిపి, ఏప్రిల్, మే నెలల్లో తిరిగి అంత దూరమూ పోవాలి. దారి ఖర్చంతా ఒంట్లో పట్టించుకున్న కొవ్వే. అది ఈ బురదలోని పురుగుల్లోంచి రావాలి. బార్-టెయిల్డ్ గాడ్విట్ అనే దీని చుట్టం ఒకటి 2022లో అలాస్కా నుంచి టాస్మానియా దాకా 13,560 కిలోమీటర్లు, 11 రోజులు, ఎక్కడా దిగకుండా ఎగిరింది. ఉపగ్రహ ట్యాగ్ పెట్టారు కాబట్టి లోకానికి తెలిసింది. అప్పటికి దాని వయసు అయిదు నెలలే! అలాంటి జాతి పిట్టని మనం ఒక ఫొటో కోసం తిండి దగ్గర్నుంచి తరుముతామా?

సరే, ఫొటోల సంగతికి వస్తాను. బురదలో పిట్టను గుర్తుపట్టడానికి అసలు చిక్కు కాళ్ల దగ్గరే. నల్ల కాళ్లయితే లిటిల్ స్టింట్, పసుపుపచ్చ కాళ్లయితే టెమ్మింక్స్ స్టింట్ అని పుస్తకంలో చదువుకుని వెళతాం. బురద అంటాక అన్ని కాళ్లూ నల్లవే. అప్పుడు వీపు చూడండి. టెమ్మింక్స్ వీపు, ఛాతీ మట్టిరంగులో సాదాగా ఉంటాయి, తోక అంచు ఈకలు తెల్లన. నడక చూడండి. అది గడ్డి అంచున ఒదిగి ఒదిగి మెల్లగా మేస్తుంది, లిటిల్ స్టింట్ బయట బురద మీద హడావిడిగా పరుగులు పెడుతుంది. ఉల్లంకుల్లోనే ఇంకో జత వుడ్ శాండ్‌పైపర్, గ్రీన్ శాండ్‌పైపర్ దగ్గర తేడా రెక్క కింద ఉంది, గ్రీన్‌కి నల్లగా, వుడ్‌కి లేతగా. రెడ్‌షాంక్ రెక్క వెనక అంచు తెల్లగా మెరుస్తుంది.

‘మరి రెక్క కనబడాలంటే ఎగరాలి కదా’ అంటారు. అవి మేస్తూ మేస్తూ రెక్కలు చాపుకుంటాయి, ఒకదాన్నొకటి తరుముకుంటాయి, గద్ద వస్తే లేస్తాయి. గట్టు మీద బోర్లా పడుకుని, కదలకుండా ఉండండి. కాసేపటికి అవే దగ్గరికొస్తాయి. ఎండ మీ వీపు వైపు ఉండాలి. తెల్లటి పొట్ట ఫొటోలో వెలిసిపోకుండా ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి పోయే వెలుగు, కొంచెం తగ్గించండి. ఎండ ఎక్కితే బురద మీంచి వేడి లేచి ఎంత మంచి లెన్సైనా మసకే చూపిస్తుంది, ఇక కెమెరా సర్దేయండి. మొహం ఒక్కటే కాదు, పక్కనుంచి, వెనకనుంచి కూడా తీయండి. పక్కన తెలిసిన పిట్ట ఏదైనా ఉంటే దాన్నీ కలిపి తీయండి, సైజు తెలుస్తుంది.

ఈ హాల్లో నెల్లూరు, సూళ్లూరుపేట వైపు వాళ్లు చాలామందే ఉన్నారు. పులికాట్‌లో ఫ్లెమింగోలకు మనం పండగ చేస్తాం, చేయాలి కూడా. కానీ వాటి కాళ్ల దగ్గర తిరిగే ఈ బూడిదరంగు పిట్టల వైపు ఎంతమంది కెమెరా తిప్పారు? ఒక్కసారి చేతులెత్తండి. చూశారా!

పేరు తెలియని పిట్ట గురించి ఎవరూ అడగరు, అది మేసే నేల పోతున్నా. మన చెన్నై దక్షిణాన పళ్లికరణై చిత్తడి ఒకప్పుడు 5,000 హెక్టార్లు దాటి ఉండేది. 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చింది, అందులో ఉన్నది 1,247 హెక్టార్లు. పక్కనే పెరుంగుడి చెత్త గుట్ట. ఇక్కడ ఫలానా జాతి ఫలానా తేదీన ఉందని చూపడానికి బహుమతి ఫొటో అక్కర్లేదు. గుర్తులు తెలిసేలా దూరం నుంచి తీసిన మామూలు ఫొటో చాలు.

చప్పట్లు కొట్టి పిట్టల్ని లేపిన ఆ కుర్రాడు ఇక్కడ ఉన్నాడేమో నాకు తెలియదు. ఉంటే ఒక్క మాట బాబూ, కోపంతో అనడం లేదు. నీ లెన్సు మాకు కావాలి. నువ్వు కూడా రా.

ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి. వచ్చే ఆదివారం మనమూ పెరుంబాక్కం చిత్తడి గట్టు మీద లెక్క రాద్దాం. తెల్లవారకముందే రావాలి. తెల్ల చొక్కాలు వద్దు, డ్రోన్లు అసలే వద్దు. పిల్లల్ని తీసుకురండి. కెమెరా లేనివాళ్లు పెన్ను, పుస్తకం తెచ్చుకోండి, రాసేవాళ్లు తక్కువగా ఉన్నారు. వచ్చేవాళ్లు భోజనాల దగ్గర నాకు పేరివ్వండి.