గవ్వల దీవి

సభకు నమస్కారం.

చేతిలో డబ్బు లేకపోతే "చిల్లిగవ్వ లేదు" అంటాం. గవ్వ డబ్బుగా చెల్లిన కాలాన్ని మన నోరు ఇంకా మర్చిపోలేదు. ఇవాళ నేను చెప్పబోయేది ఒకప్పుడు ఆఫ్రికా పడమటి తీరాన ఉన్న కొంగో రాజ్యం గురించి. అక్కడ గవ్వే నిజమైన డబ్బు. ఇప్పటి అంగోలా రాజధాని లువాండా ఎదురుగా సముద్రంలో సన్నటి ఇసుక దీవి ఒకటి ఉండేది. ఇప్పుడు రోడ్డు వేసి నేలకు కలిపేశారు. అక్కడ ఆడవాళ్లు నీళ్లలో మునిగి, బుట్టలతో ఇసుక తోడి, ఒడ్డుకు తెచ్చి జల్లించి, చిన్న చిన్న గవ్వలు ఏరేవాళ్లు. వాటి పేరు న్జింబు. ఆ దీవి రాజు సొంతం. రాజు ఉండేదేమో అక్కడికి 300 కిలోమీటర్ల దూరంలో, కొండమీద, ఎంబాంజా కొంగో అనే ఊళ్లో. టంకశాల సముద్రంలో, ఖజానా కొండమీద అన్నమాట.

ఈ రాజ్యం 14వ శతాబ్దం చివర్లో మొదలైంది. మూలపురుషుడిగా లుకేని లువా నిమి పేరు చెబుతారు. కాంగో నదికి దక్షిణాన ఉన్న చిన్న చిన్న దొరతనాల్ని కొన్నింటిని పొత్తుతో, కొన్నింటిని కత్తితో కలుపుకుంటూ పోయారు. ఒక్కో సీమకు రాజు తన మనిషిని పంపేవాడు. వాళ్లు పన్నుగా గవ్వలూ గుడ్డలూ తెచ్చి కట్టేవాళ్లు. ఆ గుడ్డ పత్తితో నేసింది కాదు, రాఫియా అనే తాటిజాతి చెట్టు ఆకుల నారతో నేసింది. దాని నునుపు చూసిన యూరప్ వాళ్లు మఖమల్‌తో పోల్చారు.

ఒక చిక్కు మాత్రం మొదట్నుంచీ ఉంది. రాజు పోతే పెద్దకొడుకే రాజు అన్న కట్టుబాటు లేదు. రాజవంశంలోంచి ఒకరిని పెద్దలు ఎన్నుకోవాలి. ఎన్నిక అన్నాను కదా అని ప్రశాంతంగా జరిగేదనుకోకండి. ఎవరి వెనక బలగం ఎక్కువుంటే గద్దె వాళ్లది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాం.

1483లో పోర్చుగీసు ఓడలు కాంగో నది ముఖం దగ్గరికి వచ్చాయి. 1491లో రాజు న్జింగా అ న్కువు బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన పోయాక కొడుకు అఫోన్సో సవతి తమ్ముడితో యుద్ధం చేసి గద్దెనెక్కాడు, 1542 దాకా ఏలాడు. బాగా చదువుకున్నవాడు. బళ్లు పెట్టించాడు. కొడుకు హెన్రీక్‌ను చదువుకోడానికి పోర్చుగల్ పంపితే, ఆ కుర్రాడు 1518లో ఏకంగా బిషప్ అయ్యాడు.

అఫోన్సో ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. 1526 జులై 6న పోర్చుగల్ రాజు మూడో జొవావ్‌కు రాసినదాంట్లో గోడు వెళ్లబోసుకున్నాడు. మీ వర్తకులు రోజూ మా జనాన్ని ఎత్తుకుపోతున్నారు, దొరల బిడ్డల్నీ మా బంధువుల్నీ కూడా వదలడం లేదు అంటాడు. మాకు ఫాదర్లనూ, బళ్లో చదువు చెప్పేవాళ్లనూ పంపండి, పూజకు కావాల్సిన ద్రాక్షసారా, పిండి తప్ప ఇంకే సరుకూ మాకొద్దు అంటాడు.

అదే ఏడాది అక్టోబరులో రాసిన ఉత్తరం చూడండి. బానిసను కొనాలనుకున్నవాడు ముందుగా ముగ్గురు అధికారులకు చెప్పాలట. ఆ మనిషి యుద్ధంలో పట్టుబడ్డవాడా, స్వేచ్ఛగా పుట్టినవాడా అని వాళ్లు తేల్చాలట. జులైలో మొత్తానికే వద్దన్న మనిషి మూడు నెలలు తిరిగేసరికి చెక్‌పోస్టు పెట్టి ఊరుకున్నాడు! అఫోన్సోను అమాయకుడైన బాధితుడిగా చెప్పేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. యుద్ధఖైదీల్ని ఆయనా అమ్మాడు. ఆయన టెన్షన్ అంతా బేరం తన చెయ్యి దాటిపోతోందనే. తీరంలో సరుకు దొరికే ప్రతి చిన్న దొరా రేపు రాజు మాట వినడు. ఆ భయం మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజమైంది.

తర్వాతి వందేళ్లు త్వరగా చెప్పేస్తాను. 1575లో పోర్చుగీసువాళ్లు లువాండాలో తమ కాలనీ పెట్టుకున్నారు. 1641లో డచ్చివాళ్లు దాన్ని లాక్కుంటే కొంగో రాజు రెండో గార్సియా వాళ్లతో చేతులు కలిపాడు. 1648లో పోర్చుగీసువాళ్లు మళ్లీ తిరిగొచ్చారు. ఆ దెబ్బతో గవ్వల దీవి కొంగో చేజారింది. బ్రెజిల్ నుంచి కూడా ఓడల్లో గవ్వలు దిగడంతో న్జింబు విలువ పడిపోయింది.

ఇక 1665 అక్టోబరు 29. ఎంబ్విలా అనే చిన్న రాజ్యంలో వారసత్వపు తగాదా వస్తే, ఒకరి పక్షాన కొంగో, ఇంకొకరి పక్షాన పోర్చుగీసువాళ్లు దిగారు. దీన్ని నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ జరిగిన పోరు అనుకుంటే పొరపాటే. పోర్చుగీసు సైన్యంలో ఎక్కువమంది ఆఫ్రికన్లే. వాళ్ల సేనాని లూయిస్ లోపెస్ దె సెకైరా కూడా ఆఫ్రికా రక్తం ఉన్నవాడే. కొంగో పక్షానా తుపాకులున్నాయి, ఆ తుపాకులు పట్టిన పోర్చుగీసువాళ్లూ ఉన్నారు. సాయంత్రానికి రాజు అంతోనియో చచ్చిపోయాడు. తల నరికి లువాండాకు తెచ్చి, నజరే మాత చర్చిలో మర్యాదలతో పాతిపెట్టారు. మనకిది ఎక్కడో విన్నట్టుంటుంది. సుమారు వందేళ్ల ముందు, 1565 జనవరిలో, రక్కసి తంగడి దగ్గర అళియ రామరాయల తల తెగింది.

చాలామంది కొంగో కథ ఇక్కడితో ముగించేస్తారు. మరి 1670 సంగతేంటి? ఆ ఏడాది కొంగోలోని సోయో అనే తీరప్రాంతం మీదికి వెళ్లిన పోర్చుగీసు సైన్యం కితోంబో దగ్గర తుడిచిపెట్టుకుపోయింది. ఆ తర్వాత చాలాకాలం వాళ్లు కొంగో జోలికే రాలేదు. అయినా రాజ్యం లేవలేదు. ఎందుకు?

గద్దె కోసం రెండు వంశాలు, కింపాంజు, కిన్లాజా, ఒకదాన్నొకటి నమిలేశాయి. యుద్ధంలో పట్టుబడ్డవాళ్లను తీరానికి తోలి అమ్మితే తుపాకులు, మందుగుండు వచ్చేవి. వాటితో ఇంకో యుద్ధం, మళ్లీ ఖైదీలు, మళ్లీ ఓడలు. అప్పు తీర్చడానికి అప్పు చేసేవాడి సంసారంలా తయారైంది. 1678లో రాజధానినే తగలబెట్టారు. జనం ఊరు వదిలి పోయారు.

పాడుబడ్డ ఆ ఊరికి మళ్లీ జనాన్ని తెచ్చింది ఏ రాజూ కాదు, ఇరవయ్యేళ్ల అమ్మాయి. పేరు కింపా విటా. 1704లో తనకు సెయింట్ ఆంథోనీ పూనాడని చెప్పింది. యేసు పుట్టింది ఎంబాంజా కొంగోలోనే అంది. యుద్ధాలు మాని రాజధానికి పదండి అని పిలిస్తే వేలమంది కదిలారు. పూనకం వచ్చిన అమ్మాయి మాట జనం వింటున్నారంటే రాజులకూ ఫాదర్లకూ ఎలా ఉంటుందో ఊహించుకోండి. 1706 జులై 2న ఆమెను సజీవంగా దహనం చేశారు. తర్వాత రాజు నాలుగో పెద్రో 1709లో ఊరిని చేజిక్కించుకున్నాడు. ఆమె వెంట వచ్చినవాళ్లలో చాలామంది బానిసలుగా ఓడలెక్కారు.

పేరుకు రాజులు ఆ తర్వాతా ఉన్నారు. 1914లో పోర్చుగీసువాళ్లు ఆ పేరు కూడా తీసేశారు. 2017లో యునెస్కో ఎంబాంజా కొంగోను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పైకప్పు లేని పాత చర్చి గోడలు అక్కడ ఇంకా నిలబడే ఉన్నాయి.

అంతోనియో తలను పెట్టిన చర్చి కూడా లువాండాలో ఉంది. లోపల గోడమీద ఎంబ్విలా యుద్ధాన్ని పలకల మీద బొమ్మలుగా వేయించారు. చర్చి ఉన్నది అఖాతం ఒడ్డున. నీళ్లకు అవతల ఉన్న ఆ సన్నటి ఇసుకపట్టీయే ఒకప్పటి గవ్వల దీవి.