ప్లాను కాగితం మీదికి దిగేటప్పుడు: లేఅవుట్‌లో స్కేలు పెట్టే పద్ధతి

(నెల్లూరులో సివిల్ డిప్లొమా విద్యార్థులు, ప్లాన్లు గీసేవారు కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు వరసల్లో డిప్లొమా ఆఖరి ఏడాది పిల్లలున్నారు. వెనక కావలి నుంచి, ఒంగోలు నుంచి వచ్చిన ప్లాన్లు గీసే మిత్రులున్నారు. ఇద్దరికీ పనికొచ్చే సంగతి ఒకటి ఎంచుకున్నాను. కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో గోడలు గీయడం, తలుపులు కిటికీలు పెట్టడం మీకందరికీ వచ్చు. గీసినదాన్ని కాగితం మీదికి దించేటప్పుడు స్కేలు ఎక్కడ పెట్టాలి అనే దగ్గరే తికమక మొదలవుతుంది. చూడటానికి చిన్న పని. కానీ సైటు దగ్గర మేస్త్రి చేతికి వెళ్లేది మన కంప్యూటర్ కాదు, ఆ కాగితమే. ఆ కాగితం అబద్ధం చెప్పిందంటే గోడ తప్పు చోట లేస్తుంది.

అసలు సూత్రం ముందే చెప్పేస్తాను. మోడల్‌లో, అంటే బొమ్మ గీసే చోట, ప్రతిదీ నిజమైన కొలతతోనే గీయాలి. లేఅవుట్, అంటే కాగితాన్ని అమర్చుకునే చోటు, అక్కడి నుంచి ప్రింటు ఎప్పుడూ 1:1లోనే తీయాలి. స్కేలు ఉండేది మధ్యలో ఉన్న వ్యూపోర్ట్‌కు, అంటే కాగితం మీద బొమ్మను చూపించే చట్రానికి, ఒక్కదానికే. ఇంటిని కిటికీలోంచి చూస్తున్నాం అనుకోండి. దగ్గరికి జరిగితే ఇల్లు పెద్దగా కనబడుతుంది, దూరం జరిగితే చిన్నగా కనబడుతుంది. ఇల్లు మాత్రం ఉన్నంతే ఉంటుంది.

డ్రాయింగ్ బోర్డు మీద పనిచేసిన పెద్దవాళ్లకు ఈ మాట తలకిందులుగా అనిపించేది. కారణముంది. బోర్డు మీద మొదటి గీత గీయకముందే స్కేలు తేల్చుకోవాలి. మన వైపు ఇంటి ప్లాన్లకు ‘ఎనిమిది అడుగులకు అంగుళం’ అనేవారు, అంటే 1:96. సగం గీశాక షీటు చాలలేదంటే ఆ ట్రేసింగ్ పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టడమే. 1982లో ఆటోక్యాడ్ వచ్చాక కూడా కొన్నేళ్లు అదే అలవాటు నడిచింది. బొమ్మ ఉన్న చోటే బోర్డరు గీసి, ఆ బోర్డరును వంద రెట్లు పెంచి, అక్కడి నుంచే ప్రింటు తీసేవారు. కాగితానికంటూ వేరే చోటు, అంటే పేపర్ స్పేస్, 1990లో పదకొండో రిలీజుతో వచ్చింది. ఇప్పుడు మనం కింద చూసే లేఅవుట్ ట్యాబులు 1999లో వచ్చిన 2000 వెర్షన్‌తో వచ్చాయి. ఇన్నేళ్లయినా బొమ్మనే స్కేల్ కమాండుతో వందో వంతుకు కుదించి, డైమెన్షన్లు అబద్ధం చెప్పకుండా వాటిని వంద రెట్లు పెంచుకునే ఫైళ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆ ఫైలు మరో ఇంజనీరు చేతికి వెళితే అతని పాట్లు చెప్పనలవి కాదు. దయచేసి ఆ పని మానండి.

ఇప్పుడొక ఉదాహరణ తీసుకుందాం. 30 అడుగుల వెడల్పు, 48 అడుగుల పొడవు ఉన్న ఇంటి స్థలం. 1440 చదరపు అడుగులు. మన నెల్లూరు లెక్కలో అంకణం 72 చదరపు అడుగులు కాబట్టి సరిగ్గా ఇరవై అంకణాలు. మిల్లీమీటర్లలో గీస్తే 9144, 14630. ఇదే స్థలాన్ని ఏ3 షీటు మీద పెట్టాలి. ఏ3 అంటే 420కి 297. చుట్టూ పదేసి మిల్లీమీటర్ల మార్జిన్ పోతే మిగిలేది 400కి 277.

1:100లో పెడితే స్థలం కాగితం మీద 91కి 146 అవుతుంది. షీటులో మూల పడి ఉంటుంది, బాత్‌రూమ్ తలుపు ఎటు తెరుచుకుంటుందో కళ్లద్దాలు పెట్టుకుని వెతుక్కోవాలి. 1:50లో పెడితే 183కి 293. పొడుగు భుజం షీటు పొడుగు వైపు పెడితే హాయిగా సరిపోతుంది. పైగా కుడి వైపు దాదాపు 100 మిల్లీమీటర్ల పట్టీ మిగులుతుంది. అందులో కింద టైటిల్ బ్లాకు, దానిపైన పునాది డీటెయిలు. అయిదడుగుల ఫుటింగ్ అనుకోండి, 1524 మిల్లీమీటర్లు. 1:20లో పెడితే 76 మిల్లీమీటర్ల చదరం, ఆ పట్టీలో చక్కగా కూర్చుంటుంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా 250 చదరపు మీటర్ల లోపు స్థలాలకు ప్లాన్లు 1:50లో ఉండాలంటుంది. మన ఇరవై అంకణాలు 134 చదరపు మీటర్లే కదా. కాగితమూ నిబంధనా ఒకే మాట మీద ఉన్నాయి. చూశారా, స్కేలును గాలిలోంచి తీసుకోలేదు. స్థలం ఎంత, కాగితం ఎంత, చదివేవాడికి ఏం కనబడాలి, ఈ మూడూ అడిగి తేల్చుకున్నాం.

ఇక చేతి పని. లేఅవుట్ ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి పేజ్ సెటప్ తెరవండి. పేపరు ఏ3, ప్లాట్ స్కేల్ 1:1, యూనిట్లు మిల్లీమీటర్లు. ‘ఫిట్ టు పేపర్’ గుర్తు ఉంటే తీసేయండి. తర్వాత ఎంవ్యూ కమాండుతో వ్యూపోర్ట్ గీయండి. ఆ చట్రాన్ని విడిగా ఒక లేయర్‌లో పెట్టి, ఆ లేయర్‌కు ప్రింటు ఆపేయండి. లేకపోతే ప్లాను చుట్టూ అక్కర్లేని పెట్టె పడుతుంది. చట్రాన్ని ఎంచుకుని కింద స్టేటస్ బార్‌లో 1:50 ఎంచుకోండి. కమాండుతో చేసేవాళ్లు వ్యూపోర్ట్ లోపలికి వెళ్లి, జూమ్ అని కొట్టి, 1/50ఎక్స్‌పీ అని టైపు చేయండి. ఎక్స్‌పీ అంటే కాగితం యూనిట్లతో పోల్చి ఎన్ని రెట్లు అని.

ఇక్కడే అసలు చిక్కు ఉంది, కాస్త ఓపికగా వినండి. ఆ 1/50 లెక్క మీరు మిల్లీమీటర్లలో గీసినప్పుడే నడుస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు 1 అనే అంకె తెలుసు గానీ, అది మీటరా, అడుగా, లింకా అన్నది స్కేలు వేసేటప్పుడు అది పట్టించుకోదు. కాబట్టి ప్రతిసారీ ఒకే ప్రశ్న వేసుకోండి: నా బొమ్మలో ఒక యూనిట్ అంటే నిజానికి ఎన్ని మిల్లీమీటర్లు? దాన్ని స్కేలుతో భాగించండి. మీటర్లలో గీస్తే 1:50కి వెయ్యిని యాభైతో భాగించాలి, 20ఎక్స్‌పీ. అడుగుల్లో గీసి పాత పద్ధతిలో ఎనిమిది అడుగులకు అంగుళం, అంటే 1:96 కావాలంటే అడుగుకు 304.8 మిల్లీమీటర్లను 96తో భాగించాలి, 3.175ఎక్స్‌పీ.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల సర్వే చేసే కుర్రాళ్లకు ఇది మరీ ముఖ్యం. టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరం నుంచి పాయింట్లు మీటర్లలోనే దిగుతాయి. 200కి 250 మీటర్ల లీజు, అంటే 5 హెక్టార్లు, 1:1000లో పెడితే కాగితం మీద 200కి 250 మిల్లీమీటర్లు. ఏ3లో పడుతుంది. లెక్క వేస్తే 1000/1000, అంటే 1ఎక్స్‌పీ. వ్యూపోర్ట్ స్కేలు దగ్గర చూస్తే 1:1 అని కనబడుతుంది! అది చూసి కంగారు పడి మార్చేవాళ్లున్నారు. మార్చకండి, అదే సరైనది. అయితే టైటిల్ బ్లాకులో స్కేలును ఫీల్డ్ పెట్టి తనంతట తాను రాసుకునేలా చేసేవాళ్లు ఒకసారి చూసుకోవాలి. మిల్లీమీటర్ల ఫైలులో ఆ ఫీల్డ్ మంచి సాధనం. మీటర్ల ఫైలులో మాత్రం లీజు మ్యాపు మీద నిక్షేపంగా ‘1:1’ అని అచ్చు వేస్తుంది.

పాత రెవెన్యూ పటాల సంగతి కూడా చెప్పాలి. నెల్లూరు పాత మద్రాసు ప్రెసిడెన్సీలోది. అప్పటి గ్రామ పటాలు మైలుకు పదహారు అంగుళాల స్కేలులో గీశారు. మైలుకు 63,360 అంగుళాలు, పదహారుతో భాగిస్తే 1:3960. పాత ఎఫ్‌ఎంబీల్లో, అంటే ఒక్కో సర్వే నంబరు పొలం కొలతల పటాల్లో, కొలతలు లింకుల్లో ఉంటాయి. 66 అడుగుల గొలుసులో నూరో వంతు లింకు, 0.201168 మీటరు. ఎఫ్‌ఎంబీని లింకుల్లో గీసుకున్నాక ఈ అంకెతో ఒక్కసారి స్కేల్ చేస్తే మీటర్లలోకి వస్తుంది. బొమ్మకు స్కేల్ కమాండు వాడాల్సిన న్యాయమైన సందర్భం ఇదీ. ఇక్కడ మనం కాగితం కోసం బొమ్మను కుదించడం లేదు, యూనిట్ మారుస్తున్నాం. సరిచూసుకోవడానికి ఏరియా కమాండు వాడండి. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు, ఎకరం 4047 చదరపు మీటర్లు. విస్తీర్ణం రికార్డుతో కలిస్తే ముందుకు వెళ్లండి. ఇక 1:3960 అనేది స్కేళ్ల జాబితాలో ఉండదు. స్కేల్‌లిస్ట్‌ఎడిట్ కమాండు తెరిచి మీరే చేర్చుకోవాలి: కాగితం యూనిట్లు 1000, డ్రాయింగ్ యూనిట్లు 3960. అప్పుడు పాత పటం మీద మీ ప్రింటు పరిచి వెలుతురుకు ఎత్తి పట్టి చూడొచ్చు. గట్టు మీద గట్టు కూర్చుంటుంది. సరిహద్దు తగాదాలో ఆ రెండు కాగితాలు చేసే మేలు పది మాటలు చేయవు.

స్కేలు పెట్టాక వెంటనే చేయాల్సింది తాళం వేయడం. వ్యూపోర్ట్‌ను ఎంచుకుని డిస్‌ప్లే లాక్డ్ దగ్గర ‘ఎస్’ పెట్టండి. తాళం లేని వ్యూపోర్ట్‌లో ఎవరో డబుల్ క్లిక్ చేసి మౌసు చక్రం ఒక్కసారి తిప్పితే చాలు, 1:50 కాస్తా 1:47 చిల్లర అవుతుంది. కంటికి తేడా తెలియదు. టైటిల్ బ్లాకులో చేత్తో రాసిన 1:50 అలాగే ఉంటుంది. ఆ షీటు సైటుకు వెళ్లిపోతుంది. అందుకే ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు మొదట నేర్పాల్సింది ఈ తాళమే అని నా అభిప్రాయం, గోడ గీయడం తర్వాత నేర్పినా పరవాలేదు.

అక్షరాల గురించి రెండు మాటలు. కాగితం మీద 2.5 మిల్లీమీటర్ల అక్షరం కావాలంటే 1:50 ప్లానుకు మోడల్‌లో 125, 1:20 ఫుటింగ్‌కు 50 పెట్టాలి. 2008 వెర్షన్ నుంచి అనొటేటివ్ అనే సదుపాయం ఉంది, వ్యూపోర్ట్ స్కేలును బట్టి అక్షరం తనే సర్దుకుంటుంది. తెగి తెగి కనబడాల్సిన గీతలకైతే పీఎస్‌ఎల్‌టీస్కేల్ 1, ఎల్‌టీస్కేల్ 1 పెట్టి రీజెన్ కొట్టండి. గ్రిడ్ లైను ప్లానులోనూ డీటెయిలులోనూ ఒకేలా తెగి కనబడుతుంది.

స్థలం దిక్కుకు వాలుగా ఉంటే చాలామంది బొమ్మనే తిప్పేస్తున్నారు. మన ఊళ్లల్లో తూర్పు ముఖం, ఉత్తరం ముఖం అని వాస్తు చూసుకునేవాళ్లే ఎక్కువ కాబట్టి ప్లాను నిటారుగా కనబడాలని కోరిక ఉండటం సహజమే. సర్వే ఫైలును మాత్రం తిప్పకండి, పాయింట్ల కోఆర్డినేట్లన్నీ పోతాయి. వ్యూపోర్ట్ లోపల డీవ్యూ, ట్విస్ట్‌తో చూపును తిప్పండి. ఉత్తర బాణం కూడా బొమ్మతో పాటే సరైన వైపుకు తిరుగుతుంది. ఇది స్కేలు మార్చదు.

ఇంతా చేశాక కాగితం దగ్గర పని చెడగొట్టేది జిరాక్సు షాపు. పీడీఎఫ్ తీసుకెళతాం, అక్కడి కుర్రాడు అలవాటుగా ‘ఫిట్’ నొక్కుతాడు. ప్రింటు 94 శాతానికి పడుతుంది. పదడుగుల గది మీద మేస్త్రి స్కేలు పెడితే తొమ్మిదడుగుల అయిదంగుళాలు. “ఏంది సార్, ఒక చోట పది అని రాసుండారు, కొలిస్తే తక్కువొస్తా ఉండాది, దేన్ని నమ్మేది?” అని ఫోను. రాసిన కొలతే ప్రమాణం, కాగితం కొలవొద్దు అని మనం షీటు మీద రాస్తాం. అది సరైన మాటే. కానీ స్విచ్ బోర్డు గోడ మూల నుంచి ఎంత, సింకు ఎక్కడ వస్తుంది, ఇవన్నీ ఏ ప్లానులో రాసి ఉన్నాయి? రాయనిచోట మేస్త్రి స్కేలు పెట్టే తీరతాడు. అతన్ని తప్పు పట్టకుండా కాగితాన్ని నిజాయితీగా ఇవ్వడం మన పని. ‘యాక్చువల్ సైజ్’ అని అడిగి ప్రింటు తీయించండి.

పెద్ద షీటును చిన్నది చేసి ఇచ్చేటప్పుడు కూడా లెక్క తెలిసుండాలి. ఏ1ను ఏ3కి దించితే నిడివి సరిగ్గా సగమవుతుంది, 1:50 అనేది 1:100. ఇది కొంత నయం. ఏ2ను ఏ3కి దించితే 1:50 అనేది 1:70.7 అవుతుంది, ఆ స్కేలు పట్టీ ఎవరి దగ్గరా ఉండదు. అందుకే అంకెతో పాటు గ్రాఫిక్ స్కేలు గీత కూడా షీటు మీద ఉండాలి. కాగితం కుదిస్తే గీత కూడా దానితో పాటే చిన్నదవుతుంది, కాబట్టి అది ఎప్పుడూ నిజమే చెబుతుంది. దీనికి తోడు ప్రతి లేఅవుట్ అంచున సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి, పక్కన ‘100’ అని రాయండి. ప్రింటు సరైనదా కాదా అన్నది స్టీలు స్కేలు పెట్టి సైటులో ఎవరైనా చూసుకోవచ్చు.

ఈ ఇరవై అంకణాల ఫైలు ఇక్కడ కంప్యూటర్‌లో ఉంది, ఏ3 ప్రింటరూ ఉంది. ఒకసారి ‘ఫిట్’ పెట్టి, ఒకసారి అసలు సైజులో రెండు ప్రింట్లు తీద్దాం. స్టీలు స్కేలు తెచ్చినవాళ్లు ముందుకు రండి. మొదట వంద మిల్లీమీటర్ల గీత కొలవండి, తర్వాత హాలు వెడల్పు కొలిచి యాభైతో గుణించండి. మీటర్లలో పనిచేసేవాళ్లు మీ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని ఉంటే వాటిని కూడా తెరుద్దాం.