సొంత డబ్బుతో ట్రేడ్ చేసేవాళ్లు కాన్ఫరెన్సులకు వెళ్లాలా?

మిత్రులందరికీ నమస్కారం.

ఏ కంపెనీలోనూ ఉద్యోగం చేయకుండా, సొంత డబ్బుతో, ఒక్కరే కూర్చుని ట్రేడ్ చేసుకునేవాళ్ల గురించే ఇవాళ మాట్లాడతాను. కంపెనీ ట్రేడర్ల సంగతి వేరు. కాన్ఫరెన్సుకు వెళ్తే వాళ్ల టికెట్టు కంపెనీ కొంటుంది, ఆ రోజుల జీతమూ వస్తుంది. మనకు ఖర్చంతా పెట్టుబడిలోంచే పోతుంది.

అందుకే ముందు లెక్క చూసుకుందాం. టికెట్టు, ప్రయాణం, బస కలిపి మీ పెట్టుబడిలో 3 శాతం అయిందనుకోండి. ఏడాదికి మీకు 12 శాతం లాభం వస్తుందనుకుందాం. అంటే మూడు నెలల కష్టం ఆ ఒక్క ప్రయాణానికే సరిపోయింది. పెట్టుబడి ఎంత చిన్నదైతే ఈ భారం అంత పెరుగుతుంది. ఎక్కువ ఆశతో వెళ్లేది కొత్తవాళ్లే, ఈ లెక్క గిట్టుబాటు కానిదీ వాళ్లకే. నాకు బాధ కలిగించే విషయం ఇది.

ప్రవేశం ఉచితమైతే? అప్పుడు హాలు అద్దె ఎవరు కడుతున్నారో చూడాలి. బ్రోకర్లు, సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు, కోర్సులు అమ్మేవాళ్లు కడతారు. వేదికెక్కే వక్తల్లో కొందరు ఆ స్పాన్సర్ల మనుషులే. అందులో మోసమేమీ లేదు, వ్యాపారం అలాగే నడుస్తుంది. కానీ మీరు ఎంత ఎక్కువ ట్రేడ్ చేస్తే బ్రోకర్‌కు అంత ఆదాయం. మీకు మాత్రం తరచు ఇదే ఎదురు తిరుగుతుంది. బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఒడీన్ అనే ఇద్దరు పరిశోధకులు 1991 నుంచి 1996 వరకు అమెరికాలో 66,465 కుటుంబాల ఖాతాలను పరిశీలించారు. ఆ కాలంలో మార్కెట్ ఏడాదికి 17.9 శాతం ఇస్తే, అందరికంటే ఎక్కువగా ట్రేడ్ చేసినవాళ్లకు మిగిలింది 11.4 శాతం. రెండు రోజులు ఆ హడావిడిలో తిరిగి, ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో సూచించే కొత్త ఇండికేటర్ ఒకటి పట్టుకుని ఇంటికొచ్చిన మనిషి మర్నాటి నుంచి చేసేది ఏమిటి? ఇంకా ఎక్కువ ట్రేడింగ్.

ఇక వేదిక మీద చూపించే స్ట్రాటజీలు. తెర మీద గ్రాఫ్ నిటారుగా పైకి పోతుంటుంది. అది అసలు డబ్బు పెట్టి చేసిందా, పాత డేటా మీద నడిపిన బ్యాక్‌టెస్టా? బ్రోకరేజీ, స్లిప్పేజ్ (అనుకున్న ధరకూ నిజంగా దొరికిన ధరకూ తేడా) తీసేశారా? పనికిరాక పక్కన పడేసినవి ఎన్ని? వీటికి సూటిగా జవాబు రాకపోతే ఆ గ్రాఫ్‌తో మనకు పనిలేదు. స్ట్రాటజీ నేర్చుకుందామని వెళ్తే మాత్రం వెళ్లకండి అనే చెబుతాను.

మరి ఎందుకు వెళ్లాలి? స్టాళ్ల దగ్గర, కస్టమర్ కేర్‌లో దొరకని మనుషులు కొందరు దొరుకుతారు. ప్లాట్‌ఫామ్ తయారుచేసిన ఇంజనీర్లు, ఎక్స్ఛేంజ్ సిబ్బంది, బ్రోకర్ దగ్గర రిస్క్ చూసేవాళ్లు. వాళ్లను అడగాల్సిన ప్రశ్న ఒకటి చెబుతాను: "నేను పెట్టిన స్టాప్ లాస్ ఎక్కడ ఉంటుంది?" స్టాప్ లాస్ అంటే, ధర ఫలానా చోటికి చేరితే నష్టం ఇంకా పెరగకుండా ట్రేడ్ ముగించమని ముందే పెట్టే ఆర్డర్. అది ఎక్స్ఛేంజ్‌లో ఉండొచ్చు, బ్రోకర్ సర్వర్‌లో ఉండొచ్చు, మీ కంప్యూటర్‌లోనే ఉండొచ్చు. ఉదాహరణకు మెటాట్రేడర్ అనే ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రెయిలింగ్ స్టాప్‌ను, అంటే ధర మనకు అనుకూలంగా కదిలేకొద్దీ దాని వెంటే జరిగే స్టాప్ లాస్‌ను, జరుపుతూ ఉండేది మీ కంప్యూటర్‌లో నడుస్తున్న టెర్మినలే. కరెంటు పోతే స్టాప్ ముందుకు జరగడం ఆగిపోతుంది, చివరిగా ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఇది తెలియకుండా రాత్రి పొజిషన్ (ఇంకా ముగించని ట్రేడ్) పెట్టుకుని నిశ్చింతగా పడుకునేవాళ్లు ఉన్నారు.

ఇంకో ప్రశ్న. 2015 జనవరి 15న స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు యూరోకు 1.20 ఫ్రాంకుల కనీస రేటును ఉన్నట్టుండి ఎత్తేసింది. నిమిషాల్లో ధర ఎంత దూరం దూకిందంటే, స్టాప్ లాస్‌లు పెట్టిన చోటికి చాలా దూరంగా అమలయ్యాయి. ఎంతోమంది ఖాతాలు మైనస్‌లోకి వెళ్లాయి, కొన్ని బ్రోకరేజీ సంస్థలే మూతపడ్డాయి. అలాంటి రోజు మళ్లీ వస్తే ఆ మైనస్ ఎవరు కట్టాలి? ఒప్పందంలో ఏ నిబంధనలో రాశారో చూపించమని అడగండి. నోటిమాట చాలదు. ఈ ఒక్క జవాబు కోసమైనా ప్రయాణం ఖర్చు దండగ కాదని నా గట్టి నమ్మకం.

తోటి ట్రేడర్లను కలవడం కూడా చిన్న విషయం కాదు. ఒంటరిగా చేసే ఈ పనిలో టెన్షన్ పంచుకునే మనిషి ఉండరు. మీరు చేసే మార్కెట్‌లోనే ట్రేడ్ చేస్తూ, నష్టాలతో సహా తన లెక్కల పుస్తకం చూపించే మనిషి ఒక్కరు దొరికినా చాలు, ఆ పరిచయం వదులుకోవద్దు.

నా సలహా అడిగితే, మొదటి ఏడాది వెళ్లొద్దు. చాలా ప్రసంగాలు తర్వాత వీడియోల్లో ఎలాగూ వస్తాయి. మీ సొంత ట్రేడ్లలోంచి పుట్టిన ప్రశ్నలు నాలుగైదు పోగయ్యాక వెళ్లండి. అక్కడికక్కడే ఖాతా తెరవొద్దు, కోర్సు కొనొద్దు. "ఇవాళ మాత్రమే ఈ ధర" అంటే పక్క స్టాల్‌కు వెళ్లిపోండి.

మీలో ఎవరైనా త్వరలో కాన్ఫరెన్సుకు వెళ్లబోతుంటే, ఏం అడగాలనుకుంటున్నారో ఇప్పుడు చెప్పండి. ఏ ప్రశ్న ఎవరిని అడిగితే జవాబు దొరుకుతుందో ఇక్కడే కలిసి చూద్దాం.